రీబూట్ అయినా, పోర్టు మారినా ఇది అదే డివైజ్ అని కెర్నల్ నుంచి తేల్చుకోవడం ఎలా?

#1 వర్షపుచినుకు

సెటప్ ఇదీ. ఒక లైనక్స్ బాక్స్. దానికి ఒకే మోడల్ యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్లు నాలుగు, అన్నీ ఒకే హబ్ మీద. రెండు సాటా డిస్కులు, ఒక ఎన్‌వీఎంఈ డిస్కు, రెండు పోర్టుల నెట్‌వర్క్ కార్డు, ఐ2సీ బస్ (చిప్పులను కలిపే రెండు తీగల దారి) మీద రెండు సెన్సర్లు. రీబూట్ చేసినప్పుడల్లా కన్వర్టర్లకి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఇచ్చే పేర్లు, టీటీవై-యూఎస్‌బీ0 నుంచి 3 వరకు, తారుమారవుతున్నాయి. డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ కూడా ఒక్కోసారి అటూ ఇటూ అవుతున్నాయి.

ప్రతి డివైజ్‌కీ మారని ఐడీ ఒకటి తీసుకుని డేటాబేస్‌లో పెట్టుకోవాలి. మేజర్:మైనర్ నంబర్ (డివైజ్‌కి కెర్నల్ ఇచ్చే జంట అంకె) సరిపోతుందా? లేదంటే సీరియల్ నంబరా?

#2 మేజర్మైనర్

మేజర్:మైనర్ వద్దండీ. అది ఆ బూట్‌కి మాత్రమే చెల్లే టోకెన్. లైనక్స్ కెర్నల్‌లో ఆ నంబర్ మొత్తం 32 బిట్లు: మేజర్‌కి 12, మైనర్‌కి 20. డిస్కుల్ని చూసుకునే ఎస్‌డీ డ్రైవర్ మొదటి మేజర్ 8, ఒక్కో డిస్కుకి 16 మైనర్లు. అంటే మొదట దొరికిన డిస్కు 8:0, రెండోది 8:16. "మొదట దొరికిన" అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ప్రోబింగ్ (కెర్నల్ డివైజ్‌లను వెతికి పట్టుకోవడం) క్యూలో ఒకరి వెనక ఒకరు నిలబడినట్టు జరగదు, చాలావరకు పక్కపక్కనే నడుస్తుంది. ఒక డిస్కు తిరగడం మొదలుపెట్టడానికి రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంటే వరస మారిపోతుంది.

సీరియల్ సంగతికి వచ్చేముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావలసింది ఆ వస్తువా, ఆ చోటా? "సెన్సర్ 3" అంటే హబ్‌లో మూడో పోర్టు నుంచి వెళ్లే తీగ అనా, ఫలానా కన్వర్టర్ ముక్క అనా? కన్వర్టర్ కాలిపోయి కొత్తది పెడితే "సెన్సర్ 3" అనే పేరు అలాగే ఉండాలంటే మీకు కావలసింది చోటు. డిస్కు అలా కాదు. దాన్ని ఏ స్లాట్‌లో పెట్టినా లోపలి డేటా దానితోనే వెళుతుంది, అక్కడ వస్తువు కావాలి. ఈ రెంటినీ ఒకే ఐడీతో సాధిద్దామనుకుంటేనే తంటా.

డ్రైవర్ కోణం మూడోది. డ్రైవర్‌కి ఇది ఏ రకం అన్నది తెలిస్తే చాలు, ఒకే రకానివి నాలుగున్నా దానికి పట్టదు. వెండర్ ఐడీ, డివైజ్ ఐడీ పుట్టింది ఈ పని కోసమే. వాటిని తీసుకెళ్లి వస్తువు గుర్తుగా వాడకండి.

#3 బస్సుదారి

పీసీఐ (బోర్డులో కార్డులు కూర్చునే బస్) వైపు నేను చెప్తాను.

కాన్ఫిగ్ స్పేస్‌లో (కార్డు తన వివరాలు చెప్పుకునే పట్టిక) మొదటి రెండు బైట్లు వెండర్ ఐడీ, తర్వాతి రెండు డివైజ్ ఐడీ. వెండర్ అన్నీ ఎఫ్‌లు వస్తే అక్కడ ఎవరూ లేరని అర్థం. హెక్స్ 09 నుంచి 3 బైట్లు క్లాస్ కోడ్. హెక్స్ 2సీ దగ్గర సబ్‌సిస్టమ్ వెండర్, 2ఈ దగ్గర సబ్‌సిస్టమ్ ఐడీ. ఒకే చిప్పుతో వేర్వేరు కంపెనీలు కార్డులు చేసినప్పుడు తేడా తెలిసేది ఈ చివరి రెంటితోనే. ఇవన్నీ రకాన్నే చెప్తాయి.

0000:03:00.0 లాంటి చిరునామా చోటును చెప్తుంది. ముందు డొమైన్, తర్వాత బస్ 8 బిట్లు, డివైజ్ 5, ఫంక్షన్ 3. ఇందులో నమ్మకూడనిది బస్ నంబర్. దాన్ని ఫర్మ్‌వేరో కెర్నలో బ్రిడ్జిలను (ఒక బస్‌ను ఇంకో బస్‌తో కలిపేవి) వెతుక్కుంటూ వెళ్లే వరసలో ఇస్తుంది. బ్రిడ్జి ఉన్న కొత్త కార్డు ఒకటి ముందు స్లాట్‌లో పెట్టారంటే దాని వెనకున్న బస్సులన్నీ ఒకటో రెండో ముందుకు జరుగుతాయి. నిన్నటి 03 ఇవాళ 05. డివైజ్, ఫంక్షన్ నంబర్లు మాత్రం బోర్డు మీద తీగలు ఎలా వేశారో అలాగే ఉంటాయి. అందుకే చోటు రాసుకోవాలంటే ఒక్క చివరి చిరునామా కాకుండా రూట్ పోర్టు నుంచి మొత్తం దారి రాసుకోండి: 00:1సీ.4 కింద 00.0 అన్నట్టు. దారిలో మధ్యనున్న బస్ నంబర్లు వదిలేసి డివైజ్.ఫంక్షన్ జతలు మాత్రం ఉంచుకుంటే కార్డులు కలిపినా అది చెక్కుచెదరదు.

పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో వస్తువు గుర్తుకి కూడా ఒక ఏర్పాటుంది. ఎక్స్‌టెండెడ్ కేపబిలిటీ ఐడీ 3, డివైజ్ సీరియల్ నంబర్, 64 బిట్లు. కానీ అది ఐచ్ఛికం. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి రెండు వీ ఫ్లాగులిచ్చి రూట్‌గా చూడండి, ఉంటే కనిపిస్తుంది. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే లేనట్టే లెక్క.

#4 వర్షపుచినుకు

మేజర్మైనర్ గారూ, మీ ప్రశ్న సరైన చోట తగిలింది. సీరియల్ పోర్టులకి నాకు కావలసింది చోటే. డిస్కులకి వస్తువు. కానీ యూఎస్‌బీలో సీరియల్ నంబర్ ఉంటే దాన్నే వాడితే ఏం పోతుంది?

#5 తీగలమేస్త్రి

ఉంటే కదండీ.

యూఎస్‌బీ డివైజ్ డిస్క్రిప్టర్ (డివైజ్ తన గురించి చెప్పుకునే పట్టిక) 18 బైట్లు. అందులో ఆఫ్‌సెట్ 16 దగ్గర ఒక బైట్ ఉంటుంది, సీరియల్ స్ట్రింగ్ ఎన్నో ఇండెక్స్‌లో ఉందో చెప్పడానికి. అది 0 అయితే సీరియల్ లేదు. స్టాండర్డ్ ప్రకారం అదేమీ తప్పు కాదు. సీహెచ్340 కన్వర్టర్లు (1ఎ86:7523) సాధారణంగా ఇలాగే వస్తాయి. ఎఫ్‌టీ232ఆర్ లాంటి వాటిలో (0403:6001) చిప్పు లోపలే ఈప్రామ్ (చెరిపి రాయగల చిన్న మెమరీ) ఉంది కాబట్టి సీరియల్ ఉంటుంది, మీరు మార్చి రాసుకోవచ్చు కూడా. పెన్‌డ్రైవ్‌ల సంగతి వేరు: బల్క్-ఓన్లీ మాస్ స్టోరేజ్ స్పెక్ కనీసం 12 హెక్స్ అక్షరాల సీరియల్ ఉండాలంటుంది.

సీరియల్ లేకపోవడం కంటే ప్రమాదం ఒకే సీరియల్ అన్నిటికీ ఉండటం. బ్యాచ్ మొత్తానికి 0001 అని కొట్టి పంపిన కన్వర్టర్లు బోలెడు. అలాంటివి రెండు పెడితే /డెవ్/సీరియల్/బై-ఐడీ కింద ఒకే లింకు తయారవుతుంది, అది రెంటిలో ఏదో ఒకదానికి చూపిస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు. ప్రోగ్రామ్ హాయిగా తెరుచుకుని తప్పు సెన్సర్‌తో మాట్లాడుతుంది. అనుమానమొస్తే /రన్/యుడెవ్/లింక్స్ డైరెక్టరీలో చూడండి, ఒక్కో లింకు కోసం ఎంతమంది పోటీ పడుతున్నారో అక్కడ ఉంటుంది. ఒకరికంటే ఎక్కువ కనిపిస్తే ఆ లింకును నమ్మొద్దు.

మీ నాలుగు కన్వర్టర్లకి చోటు గుర్తు ఇలా తీయండి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డివైజ్ వివరాలను ఫైళ్లుగా చూపే చోటు) 1-1.2 అని కనిపించే పేరుకి అర్థం: బస్ 1, రూట్ హబ్ పోర్టు 1, దాని మీదున్న హబ్‌లో పోర్టు 2. ఇది దారి. దీన్ని డివైజ్ నంబర్‌తో కలపకండి, అది 1 నుంచి 127 వరకు తిరుగుతుంది, పీకి పెట్టిన ప్రతిసారీ మారుతుంది. 1-1.2లో కూడా మొదటి 1 నమ్మదగ్గది కాదు, హోస్ట్ కంట్రోలర్లు ఏ వరసలో రిజిస్టరయ్యాయో దాన్నిబట్టి వస్తుంది. యుడెవ్ (డివైజ్‌లకి పేర్లు, లింకులు పెట్టే ప్రోగ్రామ్) తయారుచేసే ఐడీ_పాత్ విలువ దీనికంటే మేలు: పీసీఐ-0000:00:14.0-యూఎస్‌బీ-0:1.2:1.0 తరహాలో ఉంటుంది. బస్ నంబర్ చోట 0 పెట్టి, బదులుగా కంట్రోలర్ పీసీఐ చిరునామా ముందు చేర్చింది. చివరి 1.0లో 0 ఇంటర్‌ఫేస్ నంబర్. రెండు పోర్టులున్న కన్వర్టర్‌లో తేడా తెలిసేది ఆ అంకెతోనే.

హబ్ గురించి ఒక మాట. ఏడు పోర్టుల హబ్ అని అమ్మేవి చాలావరకు లోపల నాలుగేసి పోర్టుల హబ్‌లు రెండు గొలుసుగా కట్టినవే. డబ్బా మీద వరసగా ఉన్న పోర్టులు కెర్నల్‌కి 1.1, 1.2, 1.3, తర్వాత 1.4.1, 1.4.2 అని కనిపిస్తాయి. కొన్నిటిలో వరస తిరగబడి ఉంటుంది. డబ్బా మీది అంకెలు చూసి రూల్ రాయకుండా ఒక్కో పోర్టులో ఒక కన్వర్టర్ పెట్టి, దారి చూసి, పోర్టు పక్కన లేబుల్ అంటించండి.

#6 వర్షపుచినుకు

యుడెవ్ రూల్ రాశాను, పడటం లేదు. వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీలను ఏటీటీఆర్‌ఎస్‌తోనూ, 1-1.2:1.0ని కెర్నల్స్‌తోనూ ఒకే లైన్‌లో పెట్టాను. రెండూ విడివిడిగా పెడితే పడుతున్నాయి, కలిపితే లేదు.

#7 తీగలమేస్త్రి

అందరూ పడే గోతి ఇది. చివర ఎస్ ఉన్న కీలన్నీ (ఏటీటీఆర్‌ఎస్, కెర్నల్స్, సబ్‌సిస్టమ్స్, డ్రైవర్స్) పైనున్న పేరెంట్లలో (ఈ డివైజ్ ఏ డివైజ్‌ల కింద ఉందో అవి) వెతుకుతాయి. కానీ ఒక లైన్‌లో ఉన్నవన్నీ *ఒకే* పేరెంట్ దగ్గర పడాలి. వెండర్ ఐడీ ఉండేది 1-1.2 దగ్గర. 1-1.2:1.0 అనేది దాని కింది మెట్టు, ఇంటర్‌ఫేస్. రెండూ ఒకే చోట దొరకవు కాబట్టి రూల్ ఎప్పటికీ పడదు.

పేరెంట్ల జోలికి వెళ్లకుండా ఈఎన్‌వీ విలువలతో పోల్చండి: ఐడీ_వెండర్_ఐడీ, ఐడీ_మోడల్_ఐడీ, ఐడీ_పాత్. ఇవి డివైజ్ మీదే పేరుకుని ఉంటాయి. అయితే మీ ఫైల్ పేరులో అంకె 60 కంటే పెద్దదై ఉండాలి. ఐడీ_పాత్‌ను నింపేది 60-సీరియల్ రూల్స్ ఫైలే, అంతకుముందు పోలిస్తే ఖాళీ విలువతో పోల్చినట్టే. 99 పెట్టండి. సింలింక్‌కి ప్లస్-ఈక్వల్ వాడండి. ఉత్త ఈక్వల్ పెడితే అప్పటిదాకా చేరిన లింకులన్నీ పోతాయి.

తర్వాత యుడెవ్ఎడిఎమ్ కంట్రోల్ రీలోడ్, ఆపైన ట్రిగ్గర్. రీలోడ్ ఒక్కటే చేస్తే ఇప్పటికే పెట్టి ఉన్న డివైజ్‌లకి కొత్త రూల్ వర్తించదు.

#8 సెక్టార్512

డిస్కుల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి.

సాటా డిస్కు ఐడెంటిఫై డివైజ్ (నువ్వెవరని అడిగే కమాండ్) జవాబులో 256 వర్డ్‌లు, ఒక్కోటి రెండు బైట్లు. 10–19 వర్డ్‌లు సీరియల్ (20 అక్షరాలు), 23–26 ఫర్మ్‌వేర్, 27–46 మోడల్ (40 అక్షరాలు), 108–111 వరల్డ్ వైడ్ నేమ్ (ప్రపంచంలో ఒక్కదానికే ఉండాల్సిన గుర్తు). స్వయంగా చదివేవాళ్లకి రెండు జాగ్రత్తలు. ఒకటి, ప్రతి వర్డ్‌లో రెండు అక్షరాలు తారుమారుగా ఉంటాయి, "12" అన్నది "21" అని వస్తుంది. రెండు, చివర సున్నా బైట్ ఉండదు, ఖాళీలతో నింపుతారు, కొన్ని డిస్కులు ఆ ఖాళీలు ముందు పెడతాయి. రెండు వైపులా ఖాళీలు కత్తిరించకుండా పోల్చితే అదే డిస్కు కొత్తదిగా కనిపిస్తుంది. యుడెవ్ మధ్యలో ఉన్న ఖాళీలను అండర్‌స్కోర్ చేస్తుంది. అందుకని యుడెవ్ విలువను సిస్‌ఎఫ్‌ఎస్ విలువతో నేరుగా పోల్చకండి, ఏదో ఒకటే ఎంచుకోండి.

వరల్డ్ వైడ్ నేమ్ ఉంటే దానికే పెద్దపీట. మొదటి హెక్స్ అంకె 5 అయితే 64 బిట్లు: ఆ అంకె 4, కంపెనీకి ఐఈఈఈ ఇచ్చిన నంబర్ 24, మిగతా 36 కంపెనీ ఇష్టం. 6 అయితే 128 బిట్లు, పెద్ద స్టోరేజ్ పెట్టెల్లో ఎక్కువ. 3 అయితే స్థానికంగా పెట్టుకున్నది, ప్రపంచంలో ఒక్కటే అన్న హామీ లేదు. స్కజీ డిస్కులైతే వైటల్ ప్రోడక్ట్ డేటా పేజీ హెక్స్ 83లో ఇది దొరుకుతుంది, పేజీ 80లో సీరియల్. 83 చదివేటప్పుడు అసోసియేషన్ ఫీల్డు చూసి 0 (లాజికల్ యూనిట్) ఉన్నదే తీసుకోండి. 1 అంటే టార్గెట్ పోర్టు గుర్తు, అది తీసుకుంటే ఒకే పోర్టు వెనకున్న డిస్కులన్నీ ఒకటే అయిపోతాయి.

సాటా డిస్కును యూఎస్‌బీ డాక్‌లో పెట్టారా, ఇక మీకు కనిపించే సీరియల్ డిస్కుదో డాక్‌దో చెప్పలేం. కొన్ని బ్రిడ్జి చిప్పులు తమ సీరియల్‌నే ఇస్తాయి. డిస్కు మార్చినా పేరు మారదు. బ్యాకప్ స్క్రిప్టులు వేరే డిస్కు మీద రాసేది ఇలాంటి చోటే. స్మార్ట్‌సీటీఎల్ టూల్‌కి డివైజ్ రకం ఎస్‌ఏటీ అని చెప్పి అడిగితే చాలా బ్రిడ్జిలు అసలు డిస్కు సీరియల్ చెప్తాయి, దాన్ని పోల్చండి.

ఎన్‌వీఎంఈలో కంట్రోలర్ సీరియల్ వేరు, నేమ్‌స్పేస్ (డిస్కుగా కనిపించే నిల్వ భాగం) గుర్తు వేరు. ఐడెంటిఫై కంట్రోలర్‌లో 4–23 బైట్లు సీరియల్, 24–63 మోడల్. నేమ్‌స్పేస్‌కి ఈయూఐ-64, ఎన్‌గిడ్, యూయూఐడీ అని మూడు అవకాశాలు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో డబ్ల్యూడబ్ల్యూఐడీ ఫైల్ చదివితే కెర్నల్ ముందు యూయూఐడీ, లేకపోతే ఎన్‌గిడ్, అదీ లేకపోతే ఈయూఐ, ఏదీ లేకపోతే వెండర్-సీరియల్-మోడల్-నేమ్‌స్పేస్ కలిపి ఇస్తుంది. మల్టీపాత్ (ఒకే డిస్కుకి ఒకటికంటే ఎక్కువ దారులు) ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ0 కంట్రోలర్‌కి ఎన్‌వీఎంఈ0ఎన్1 చెందుతుందన్న గ్యారంటీ కూడా లేదు. ఆ అంకె సబ్‌సిస్టమ్‌ది.

#9 గట్టుమీదగాలి

సెక్టార్512 గారు చెప్పిన వరసలో ఒక మెలిక ఉంది, డేటాబేస్ పెట్టుకునేవాళ్లకి ముఖ్యం. కొన్ని ఎన్‌వీఎంఈ మోడళ్లు ప్రతి ముక్కకీ ఒకే ఈయూఐ ఇచ్చాయి. రెండు పెడితే కెర్నల్ "గ్లోబల్లీ డూప్లికేట్ ఐడీస్" అని రెండోదాన్ని తిరస్కరించేది. దానికి విరుగుడుగా ఆ మోడళ్లకి బోగస్ ఎన్‌ఐడీ అనే క్విర్క్ (లోపమున్న మోడళ్లకి కెర్నల్ చేసే సర్దుబాటు) చేర్చారు, అప్పుడు కెర్నల్ ఆ గుర్తుల్ని పట్టించుకోదు. ఫలితం: కెర్నల్ అప్‌డేట్ చేశాక అదే డిస్కుకి డబ్ల్యూడబ్ల్యూఐడీ మారుతుంది. హార్డ్‌వేర్ కదల్లేదు, పేరు కదిలింది. అందుకే ఒక్క విలువ మీద ఆధారపడొద్దు, దొరికినవన్నీ, ఏది ఎక్కడినుంచి వచ్చిందో సహా రాసుకోండి.

#10 వర్షపుచినుకు

డిస్కులకి ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ (ఫార్మాట్ చేసినప్పుడు పుట్టే గుర్తు) చాలదా? ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసే ఫైల్) అదే పెడతాం కదా.

#11 సెక్టార్512

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌కి అదే సరైంది, ఎందుకంటే అక్కడ కావలసింది డేటా. కానీ అది డిస్కు గుర్తు కాదు. డీడీ కమాండ్‌తో డిస్కు మొత్తం కాపీ చేస్తే యూయూఐడీ కూడా కాపీ అవుతుంది. జీపీటీలో (పార్టిషన్ పట్టిక) ఉండే పార్టిషన్ యూయూఐడీ కూడా అంతే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండోదాన్ని మౌంట్ చేయనని మొరాయిస్తుంది, అది నయం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద క్లోన్, అసలు రెండూ ఒకేసారి కనపడేలా ఉంచడం డేటాకే ప్రమాదం. క్లోన్ చేశాక ఎస్‌జీడిస్క్ పెద్ద జీ ఆప్షన్‌తో జీపీటీ గుర్తుల్ని మార్చండి, ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని దాని సొంత టూల్‌తో విడిగా మార్చండి.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) లేకుండా బూట్ చేసేవాళ్లు: కెర్నల్ కమాండ్ లైన్‌లో రూట్ పారామీటర్‌కి ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ ఇస్తే కెర్నల్‌కి అర్థం కాదు, పార్ట్‌యూయూఐడీ అయితే అర్థమవుతుంది.

#12 రిజిస్టర్_రీడ్

ఐ2సీ సెన్సర్ల మాట. ఈ బస్ మీద "నువ్వెవరు" అని అడిగితే చిప్పులు సాధారణంగా జవాబివ్వవు. హెక్స్ 76 దగ్గర ఎవరో ఏసీకే (అందిందన్న సైగ) ఇచ్చారంటే ఎవరో ఉన్నారని మాత్రమే. ఆ చిరునామాలో బీఎంపీ280 ఉండొచ్చు, బీఎంఈ280 ఉండొచ్చు. డీ0 రిజిస్టర్ చదవండి: 58 వస్తే మొదటిది, 60 వస్తే రెండోది (హెక్స్‌లో). మొదటిదానిలో తేమ కొలిచే భాగం లేదు, కాబట్టి ఊహించి ముందుకెళితే తేమ విలువలు చెత్తగా వస్తాయి. ఈ రెంటిలో ఏదైనా సరే, ఎస్‌డీఓ పిన్‌ను సరఫరాకి కడితే 77, నేలకి కడితే 76. గాల్లో వదిలేయొద్దు, ఒకసారి అటు ఒకసారి ఇటు కనిపిస్తుంది.

ఇక్కడ వస్తువు గుర్తు ఉండదు, చోటే గుర్తు. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏముందో కెర్నల్‌కి చెప్పే ఫైల్) నోడ్, కంపాటిబుల్ స్ట్రింగ్ రాసి పెట్టడమే పద్ధతి. బస్ నంబర్ కదలకుండా ఏలియసెస్ నోడ్‌లో ఐ2సీ1 వగైరా కట్టేయండి. సెన్సర్లకి కెర్నల్ ఇచ్చే హెచ్‌డబ్ల్యూమాన్0, 1 అనే పేర్లు కూడా దొరికిన వరసే, లోపల నేమ్ ఫైల్, డివైస్ లింకు చూసి ఎంచుకోండి.

#13 బస్సుదారి

నెట్‌వర్క్ కార్డు మిగిలింది. ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరులో 3 అంటే నేను పైన నమ్మొద్దన్న బస్ నంబరే. పేరు కదలకూడదంటే డాట్-లింక్ ఫైల్ రాసి పర్మనెంట్ మ్యాక్ అడ్రస్‌తో (కార్డు సొంత హార్డ్‌వేర్ చిరునామా) పోల్చండి. ఉత్త మ్యాక్ అడ్రస్‌తో పోల్చితే బాండ్, వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు కూడా అదే మ్యాక్‌తో ఉండి రూల్‌కి చిక్కుతాయి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో అడ్రస్ అసైన్ టైప్ 0 ఉంటేనే అది చిప్పులో ఉన్న మ్యాక్. 1 అయితే డ్రైవర్ యాదృచ్ఛికంగా పుట్టించినది, బూట్‌కో కొత్తది రావచ్చు. మొదటి బైట్‌లో కింది నుంచి రెండో బిట్ 1 ఉన్నా అది స్థానికంగా పెట్టిన మ్యాకే.

కొత్త పేరుగా ఈటీహెచ్0 మాత్రం పెట్టకండి. కెర్నల్ అదే పేరు ఇంకోదానికి ఇస్తూ ఉంటుంది, ఢీకొంటాయి. ల్యాన్0, వ్యాన్0 అని పెట్టుకోండి, 15 అక్షరాల్లోపు.

#14 మేజర్మైనర్

ఇక డేటాబేస్. ఒక్కో డివైజ్‌కి మూడు గళ్లు పెట్టండి: రకం, దారి, వస్తువు గుర్తు (ఖాళీ ఉండొచ్చు). బూట్‌లోనూ, ప్రతి హాట్‌ప్లగ్‌లోనూ పోల్చండి. గుర్తు అదే, దారి వేరు: కదిలించారు. దారి అదే, గుర్తు వేరు: మార్చారు. ఒకే గుర్తు ఒకేసారి రెండు దారుల్లో కనపడితే మల్టీపాత్ కావచ్చు, నకిలీ సీరియల్ కావచ్చు. మీ దగ్గర మల్టీపాత్ లేదు కాబట్టి ఆ గుర్తును ఆ మోడల్ మొత్తానికీ కొట్టేసి దారికే దిగండి. గుర్తు ఖాళీ, దారి కూడా కొత్తది అయితే ప్రోగ్రామ్ ఊహించకూడదు, ఆగి మనిషిని అడగాలి.

చదవడానికీ వాడటానికీ మధ్య సందు కూడా చూసుకోండి. ఎస్‌డీబీ సీరియల్ చదివారు, ఆ క్షణంలో ఎవరో పీకి ఇంకోటి పెట్టారు, మళ్లీ ఎస్‌డీబీ పేరే దానికి వచ్చింది. మీరు తెరిచింది కొత్తదాన్ని. ముందు ఫైల్ తెరవండి, తెరిచిన ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచినందుకు ప్రోగ్రామ్‌కి దొరికే పట్టు, యూఎస్‌బీ డిస్క్రిప్టర్ కాదు) మీదనే గుర్తు అడగండి. కెర్నల్ 5.15 నుంచి బ్లాక్ డివైజ్‌లకి డిస్క్‌సీక్ అనే అంకె ఉంది, ఒక బూట్‌లో పెరుగుతూనే పోతుంది, మళ్లీ వాడరు. యుడెవ్ చెప్పిన డిస్క్‌సీక్, తెరిచిన డిస్క్రిప్టర్ మీద ఐఆక్టల్ సిస్టమ్ కాల్‌తో అడిగిన డిస్క్‌సీక్ ఒకటే అయితే మీరు చూసిందీ తెరిచిందీ ఒకటే. రీబూట్ దాటాక ఆ అంకెకి విలువ లేదు, డేటాబేస్‌లో పెట్టకండి.

#15 గట్టుమీదగాలి

లాగ్‌ల సంగతి కూడా చూసుకోండి. "ఐఓ ఎర్రర్, డెవ్ ఎస్‌డీబీ" అన్న లైన్‌ను మూడు రీబూట్ల తర్వాత చదివితే ఏ డిస్కు అని చెప్పలేం. డివైజ్ తరఫున రాసే ప్రింట్ ఫంక్షన్లతో వచ్చిన సందేశాలకి కెఎమ్‌ఎస్‌జీలో (కెర్నల్ లాగ్) డివైజ్ అనే అదనపు ఫీల్డు ఉంటుంది: బ్లాక్‌కి బీ8:16, నెట్‌వర్క్‌కి ఎన్ తర్వాత ఇంటర్‌ఫేస్ ఇండెక్స్. జర్నల్‌సీటీఎల్ వెర్బోస్ అవుట్‌పుట్‌లో దానితో పాటు అప్పటి యుడెవ్ లింకులు కూడా కనిపిస్తాయి. కానీ పైన రాసిన బ్లాక్ లేయర్ లైన్, ఫైల్‌సిస్టమ్ సందేశాలు మామూలు ప్రింట్‌కే ఫంక్షన్‌తో వస్తాయి, వాటికి ఆ ఫీల్డు ఉండదు. కాబట్టి ప్రతి బూట్‌లోనూ, ప్రతి హాట్‌ప్లగ్‌లోనూ పేరు–దారి–గుర్తు మూడూ ఒక లైన్‌గా మీ ప్రోగ్రామే లాగ్‌లో రాయాలి.

#16 వర్షపుచినుకు

ఇలా పెడుతున్నాను: కన్వర్టర్లకి ఐడీ_పాత్, సాటాకి వరల్డ్ వైడ్ నేమ్ ప్లస్ సీరియల్, ఎన్‌వీఎంఈకి కంట్రోలర్ సీరియల్ ప్లస్ మోడల్ ప్లస్ నేమ్‌స్పేస్ నంబర్, నెట్‌వర్క్‌కి పర్మనెంట్ మ్యాక్, సెన్సర్లకి డివైస్ ట్రీ, స్టార్టప్‌లో చిప్ ఐడీ సరిచూడటం. లేబుల్ అంటిస్తున్నాను. యూఎస్‌బీ సీరియల్ కలిస్తే డివైజ్‌ను నమ్మి ఆదేశాలు పంపవచ్చా?

#17 తీగలమేస్త్రి

పంపొద్దు. డిస్క్రిప్టర్‌లో ఏముండాలన్నది డివైజ్ ఇష్టం, ఏ సీరియల్ అయినా చెప్పుకోగలదు. అది గుర్తింపే తప్ప నమ్మకానికి హామీ కాదు. నమ్మకం కావాలంటే డివైజ్‌లో కీ ఉండాలి, అది సవాలుకి జవాబివ్వాలి.

పెట్టేశాక పరీక్ష ఇలా చేయండి. ఒక్కో కన్వర్టర్ పీకి పెట్టి లింకు అదే పోర్టుకి వస్తోందా చూడండి. తర్వాత రెండు కన్వర్టర్లు పోర్టులు మార్చండి: లింకులు పోర్టులతోనే ఉండాలి, కన్వర్టర్లతో వెళ్లకూడదు. సాటా కేబుళ్లు రెండూ బోర్డు వైపు మార్చి బూట్ చేయండి: ఈసారి లింకులు డిస్కులతో వెళ్లాలి. చివరగా హబ్ కరెంటు తీసి పది సెకన్లాగి ఇవ్వండి. నాలుగూ ఒకేసారి వచ్చినప్పుడే వరస ఎక్కువగా తప్పుతుంది. పదిసార్లు చేసి పదిసార్లూ సరిపోతేనే వదిలేయండి.